అండమాన్ నుంచి చూస్తే యుద్ధం

2007 సెప్టెంబరు మొదటి వారంలో బంగాళాఖాతంలో మూడు విమానవాహక నౌకలు ఒకేసారి తిరిగాయి. రెండు అమెరికావి, నిమిట్జ్, కిట్టీహాక్. మూడోది మన విరాట్. జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్ నౌకలు కూడా వాటి వెంట ఉన్నాయి. 1992లో మొదలైనప్పటి నుంచి భారత్, అమెరికా రెండే చేసుకుంటూ వచ్చిన మలబార్ విన్యాసాలు ఇలా అయిదు దేశాల వ్యవహారమై విశాఖకూ అండమాన్‌కూ మధ్యనున్న సముద్రానికి రావడం అదే మొదలు. ఆ వారంలోనే కోల్‌కతా నుంచి ఒకటి, చెన్నై నుంచి ఒకటి వామపక్షాల జాతాలు బయల్దేరి విశాఖపట్నంలో కలిశాయి. మన సముద్రం అమెరికా వ్యూహానికి పెరడు కాకూడదన్నది వాళ్ల నినాదాల సారం. అప్పట్లో ఢిల్లీలో యూపీఏ ప్రభుత్వం దాదాపు 60 మంది వామపక్ష ఎంపీలు బయటి నుంచి ఇచ్చిన మద్దతు మీద నడుస్తోంది. అమెరికాతో అణు ఒప్పందం మీద తగవు ముదిరి మరుసటి జులైలో ఆ మద్దతు పోయింది, విశ్వాస పరీక్షలో ప్రభుత్వం గట్టెక్కింది, ఆ తరువాతి ఎన్నికల్లో వామపక్షాల బలం సగానికన్నా తక్కువకు పడిపోయింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిందని తెలియని పాతకాలపు మనుషులు అన్న ముద్ర మాత్రం మిగిలింది. ఓడిపోయిన వాళ్ల వాదన ఓడినంత మాత్రాన తప్పు కాదు కనుక దాన్ని ఒకసారి విప్పి చూడటం అవసరం.

వామపక్షం చెప్పేది ఇది. పాశ్చాత్య రాజ్యాలు యుద్ధానికి దిగేటప్పుడు పైకి చెప్పే కారణం ఒకటి, వాటిని కదిలించే కారణం మరొకటి. చెప్పేది ప్రజాస్వామ్యం, మానవ హక్కులు. కదిలించేది చమురు, సముద్ర మార్గాలు, సైనిక స్థావరాలు, ఆయుధాల వ్యాపారం. ఇక ఉదారవాదుల మాట. వీళ్లేమీ యుద్ధోన్మాదులు కారు. వ్యక్తి స్వేచ్ఛ, ఎన్నికలు, చట్టబద్ధ పాలన వీళ్లకు ప్రాణం. యుద్ధం చెడ్డదే, అయితే ఒక నియంత సొంత జనాన్ని ఊచకోత కోస్తుంటే చేతనైన వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవడం అంతకన్నా చెడ్డదని అంటారు. వినడానికి ఇందులో తప్పు పట్టవలసింది కనిపించదు. అక్కడే వామపక్షం అడ్డుపడి రెండు ప్రశ్నలు వేస్తుంది. ఎవరిని ఎవరు కాపాడాలో తేల్చే అధికారం ఎప్పుడూ ఒకే వైపు ఎందుకుంటోంది? కాపాడటం అయిపోయాక ఆ నేల మీద మిగిలేదెవరు? ఈ ప్రశ్నలు న్యాయమైనవని నా అభిప్రాయం. వీటిని పరీక్షించడానికి బాగ్దాద్ దాకా పోనక్కర్లేదు, అండమాన్ చాలు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు; శ్రీకాకుళం, విశాఖ వైపు ఇళ్లలో అక్కడ చుట్టాలున్న వాళ్లు ఎందరో. అయితే ఆ దీవుల చరిత్ర ఉదారవాదులను నిలదీసి ఊరుకోదు. వామపక్షాన్నీ ఒకచోట ఆపి అడుగుతుంది.

1857 తిరుగుబాటు ఖైదీలు 200 మందితో 1858 మార్చి 10న ఓడ పోర్ట్‌బ్లెయిర్ చేరింది. ఖైదీలను దూరంగా పడేయడానికి చోటు కావాలన్నది అసలు అవసరం. దానికి మరో కారణం అంతకుముందు నుంచే నలుగుతోంది. ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికులను దీవివాసులు చంపుతున్నారని, నావికుల రక్షణకు అక్కడ సురక్షిత రేవు ఉండాలని. మానవతా కారణం, సైనిక అవసరం ఒకే ఓడలో దిగాయన్నమాట. పర్యవేక్షకుడు డాక్టర్ వాకర్ పారిపోయి దొరికిన ఖైదీల్లో 80 మందికి పైగా ఒక్కరోజే ఉరితీయించాడు. మరుసటి ఏడు మే నెలలో, తమ అడవిని నరుకుతున్న ఈ కొత్తవాళ్ల మీద గ్రేట్ అండమానీయులు మూకుమ్మడిగా దాడి చేశారు. అబర్దీన్ యుద్ధం అంటారు దాన్ని. వాళ్ల మధ్య ఏడాదిపాటు బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే పారిపోయిన ఖైదీ ముందే వచ్చి ఇంగ్లీషువాళ్లకు ఉప్పందించాడు. బాణాల మీద తుపాకులు గెలిచాయి. సరిగ్గా ఆ 1859లోనే లండన్‌లో జాన్ స్టువర్ట్ మిల్ స్వేచ్ఛ మీద తన ప్రసిద్ధ గ్రంథం అచ్చువేశాడు. ఉదారవాదానికి అది ఇప్పటికీ మూలగ్రంథం. అదే ఏడు పరదేశాల్లో జోక్యం గురించి రాసిన వ్యాసంలో, నాగరిక దేశాల మధ్య పాటించే మర్యాదలు అనాగరికుల విషయంలో వర్తించవని వాదించాడు. మిల్ ఆ మాట గాలిలోంచి పట్టుకోలేదు. 35 ఏళ్లు ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసినవాడు.

ఆయన్ను దుర్మార్గుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. బానిసత్వాన్ని, స్త్రీల అణచివేతను ఆయనంత గట్టిగా ఎదిరించిన వాళ్లు ఆ కాలంలో తక్కువ. చిక్కల్లా ఆయన స్వేచ్ఛకు గీసిన సరిహద్దుతోనే. ఆ గీత అవతల పడిన వాళ్లకు ఏమైందో గ్రేట్ అండమానీయుల లెక్క చెబుతుంది. 1858లో వాళ్లు మూడు నుంచి అయిదు వేల మంది ఉండి ఉంటారని అంచనాలు. యుద్ధంలో ఓడించాక వాళ్లను మచ్చిక చేసుకోవాలన్నారు. 1863లో కోర్బిన్ అనే మతాచార్యుడి చేతి మీదుగా రాస్ దీవిలో అండమాన్ హోమ్ వెలిసింది. తిండి, గుడ్డ, ఇంగ్లీషు ముక్కలు, క్రమశిక్షణ. అడవిలోకి వెళ్లి రావడం మాత్రం వాళ్ల ఇష్టం కాదు. చంపే ఉద్దేశంతో పెట్టిన సంస్థ కాదది, బాగుచేసే ఉద్దేశంతోనే పెట్టారు. ఆ దయ వెంట సిఫిలిస్, పొగాకు, మద్యం, 1877లో తట్టు వచ్చాయి. అలవాటులేని ఒంటికి తట్టు కూడా కలరా అంత పని చేస్తుంది. 1901 లెక్కలకు 625 మంది మిగిలారు. 1961 నాటికి 19 మంది. అదే ద్వీపసమూహంలో బయటి వాళ్ల దయను బాణాలతో తిప్పికొడుతూ వచ్చిన సెంటినెలీలు ఇప్పటికీ తమ దీవిలో తాము ఉన్నారు. ఉద్దేశం మంచిదా చెడ్డదా అని తర్కించుకునే వాళ్లు ఈ రెండు తెగలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

సెల్యులర్ జైలు కథలోనూ ఈ గీత కనిపిస్తుంది. 1906లో జైలు కట్టడం పూర్తయ్యేనాటికి బ్రిటన్‌లో అధికారంలో ఉన్నది లిబరల్ పార్టీయే. భారత వ్యవహారాల మంత్రి జాన్ మోర్లే మిల్‌కు శిష్యప్రాయుడు, దక్షిణాఫ్రికాలో బోయర్ల మీద యుద్ధాన్ని బహిరంగంగా వ్యతిరేకించినవాడు. 1914 ఆగస్టులో బ్రిటన్ ప్రపంచ యుద్ధంలో దిగుతుంటే మంత్రి పదవి వదులుకున్నాడు. యుద్ధం పట్ల ఆయన ఏవగింపు నటన కాదు. అలాంటి మోర్లే ఏలుబడిలోనే లాలా లజపతిరాయ్‌ని విచారణ లేకుండా మాండలే పంపారు, అలీపూర్ బాంబు కేసు ముద్దాయిలు బారీంద్ర ఘోష్, ఉల్లాస్కర్ దత్ సెల్యులర్ జైలుకు చేరారు. ఉల్లాస్కర్‌కు అక్కడ మతి చలించింది. మన్యం పోరాటంలో అల్లూరి అనుచరులు కొందరు, కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి తరువాత ఆ దారినే వెళ్లారు. 1933 మేలో నిరాహారదీక్ష చేస్తున్న వాళ్లకు బలవంతాన గొట్టాలతో పాలు పోయబోయి మహావీర్ సింగ్, మోహిత్ మొయిత్రా, మోహన్ కిశోర్ నమదాస్ అనే ముగ్గురి ప్రాణాలు తీశారు. ఆ దీక్ష తరువాత పుస్తకాలు చదువుకునే వీలు దక్కింది. ఖైదీలు చదివింది మార్క్స్‌ను. 1935లో ఆ గోడల మధ్యే కమ్యూనిస్ట్ కన్సాలిడేషన్ అనే సంఘం పుట్టింది. సామ్రాజ్యవాద వ్యతిరేకతను మనవాళ్లు మాస్కో నుంచి దిగుమతి చేసుకున్నారని తేలిగ్గా అనేస్తుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ వాళ్లలో చాలామంది ఆ పాఠం జైలులో తిప్పించిన నూనె గానుగ దగ్గర నేర్చుకున్నవాళ్లు.

1947లో జరిగిన ఒక సంగతి మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనబడదు. స్వాతంత్ర్యం ఇవ్వడం ఖాయమయ్యాక బ్రిటన్ సైనిక దళాధిపతులు అండమాన్, నికోబార్‌లను భారత్‌కు ఇవ్వకుండా తమ దగ్గరే ఉంచుకోవాలని సిఫారసు చేశారు. బంగాళాఖాతంలో కాలు మోపుకోవడానికి చోటుండాలన్నది వాళ్ల లెక్క. జిన్నా కూడా ఆ దీవులు పాకిస్థాన్‌కు కావాలన్నాడు. భారత నాయకులు ఒప్పుకోరని మౌంట్‌బాటన్ హెచ్చరించడంతో సిఫారసు వీగిపోయింది. నెగ్గి ఉంటే ఏమయ్యేదో ఊహించనక్కర్లేదు, హిందూ మహాసముద్రంలో దక్షిణాన డీగో గార్షియా ఉంది. 1965లో హెరాల్డ్ విల్సన్ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వం మారిషస్ నుంచి డీగో గార్షియా ఉన్న చాగోస్ దీవులను విడదీసి, మరుసటి ఏడు అమెరికాకు స్థావరం కోసం ఇచ్చింది. 1968 నుంచి 1973 మధ్య అక్కడి జనాన్ని మొత్తం ఓడలెక్కించి మారిషస్, సేషెల్స్ రేవుల్లో దింపేసింది. అఫ్గానిస్తాన్, ఇరాక్ మీదికి బాంబర్లు లేచిన రన్‌వే అదే. ఆ విడదీత చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో అభిప్రాయం చెప్పాక, 2025 మేలో బ్రిటన్ మారిషస్‌తో ఒప్పందం మీద సంతకం చేసింది. స్థావరం ఉన్న దీవి మాత్రం 99 ఏళ్ల లీజుకు. నియమాల మీద నడిచే ప్రపంచ వ్యవస్థ గురించి పాశ్చాత్య రాజధానులు మాట్లాడినప్పుడల్లా నాకు ఆ రన్‌వే గుర్తొస్తుంది.

తక్కినవి అందరికీ తెలిసినవే, క్లుప్తంగా చాలు. 2003లో ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్నారు, దొరకలేదు. ఆ యుద్ధాన్ని బుష్ అనుచరులు మాత్రమే సమర్థించలేదు. పేరున్న ఉదారవాద మేధావులు అనేకులు ఇరాకీల విముక్తి పేరిట సమర్థించారు. 2011 మార్చిలో లిబియా పౌరుల రక్షణకని భద్రతా మండలిలో తీర్మానం వచ్చింది. భారత్ ఓటు వేయకుండా తప్పుకుంది. అక్టోబరుకల్లా గడాఫీ హతమయ్యాడు, దేశం ముఠాల పాలైంది. పౌరులకున్న ముప్పును ఎక్కువచేసి అంచనా వేశారని, రక్షణ కాస్తా ప్రభుత్వ మార్పిడిగా మారిందని 2016లో తేల్చింది బ్రిటిష్ పార్లమెంటు సొంత కమిటీయే. వామపక్షాలు ముందు అన్నమాటను చాలాసార్లు పాశ్చాత్య ప్రభుత్వాల సొంత విచారణలే తరువాత ఒప్పుకున్నాయి.

ఇక్కడ ఉదారవాది అడగదగిన ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. 1971 మాటేమిటి? 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్థాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో 160 అవామీ లీగ్ గెలిస్తే, సైన్యం దానికి జవాబుగా మారణకాండ జరిపింది. కోటిమంది శరణార్థులు మన గడ్డకు వచ్చారు. చివరికి మన సైన్యం సరిహద్దు దాటింది. అమెరికా సిద్ధాంతవేత్త మైకేల్ వాల్జర్ న్యాయమైన జోక్యానికి మంచి ఉదాహరణగా చూపేది ఈ యుద్ధాన్నే. మన కమ్యూనిస్టులూ సమర్థించారు. కనుక సరిహద్దు దాటిన ప్రతి సైన్యమూ దోషే అని వామపక్షం నిజంగా అనుకోవడం లేదు, అనుకోకూడదు కూడా. కాకపోతే ఆ యుద్ధంలో పాశ్చాత్యులు ఎటు నిలబడ్డారో చూడాలి. ఢాకాలోని అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ స్వయంగా నిరసన తంతి పంపినా నిక్సన్ వినలేదు. సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ శరణార్థి శిబిరాలు తిరిగి వెళ్లి చెప్పినా వినలేదు. ఉదారవాదుల్లో గొంతెత్తిన మంచివాళ్లున్నారు, నౌకలు వాళ్ల చేతిలో లేవు, అంతే. అండమాన్ అడ్డాగా మన విమానవాహక నౌక విక్రాంత్ చిట్టగాంగ్, కాక్స్‌బజార్ రేవుల మీద దాడులు చేస్తున్న రోజులవి. విక్రాంత్ విశాఖలోనే ఉందనుకుని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ విశాఖ రేవు ముంగిట్లో మునిగిపోయింది. పది రోజులు తిరిగేసరికి అణుశక్తితో నడిచే ఎంటర్‌ప్రైజ్ నౌకతో అమెరికా దళం మలక్కా జలసంధి దాటి బంగాళాఖాతంలోకి వచ్చింది. అది వచ్చింది ఎన్నికల్లో గెలిచిన వాళ్లను కాపాడటానికి కాదు. 1972 మార్చికల్లా మన సైన్యం బంగ్లాదేశ్ వదిలి వచ్చేసింది. న్యాయమైన జోక్యానికి నాకు తెలిసిన గీటురాయి ఇదే. ఆపదలో ఉన్నవాళ్లు పిలిచారా, పని అయ్యాక ఇంటికి వచ్చారా. డీగో గార్షియా ఈ రెంటిలో దేనికీ నిలవదు.

అదే గీటురాయిని వామపక్షం తనవాళ్లనుకున్న వారి మీద గీసి చూసుకుందా అన్నది అసలు చిక్కు. అండమాన్ జవాబు కటువుగా ఉంటుంది. 1942 మార్చి 23న జపాన్ సేనలు పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాయి. ఆసియా ఆసియావాసులదే అన్నది వాళ్ల నినాదం, తెల్లవాళ్ల పాలన నుంచి విముక్తి వాళ్ల వాగ్దానం. 1943 డిసెంబరు 30న నేతాజీ అక్కడ త్రివర్ణ పతాకం ఎగరేశారు, దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. పగ్గాలు మాత్రం జపాన్ నౌకాదళం చేతిలోనే ఉండిపోయాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులని ముద్రవేసి కాల్చేశారు. వాళ్లలో ఎక్కువమంది స్వాతంత్ర్యం కోరే ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులే. దానికి రెండు వారాల ముందే లీగ్ నాయకుడు, కవి, వైద్యుడు దీవాన్ సింగ్ సెల్యులర్ జైలులో చిత్రహింసలకు ప్రాణం విడిచాడు. ఇంగ్లీషువాడు కట్టిన జైలు, అవే గదులు. 1945 ఆగస్టులో తిండి గింజలు కరువై, పనికిరారని తేల్చిన వందలమందిని హావ్‌లాక్ దీవి దగ్గర సముద్రంలోకి దింపేశారు. బతికి బయటపడినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ రెండో ప్రపంచ యుద్ధాన్నే మన కమ్యూనిస్టులు 1941 దాకా సామ్రాజ్యవాద యుద్ధమని, హిట్లర్ సోవియట్ మీద పడ్డాక ప్రజాయుద్ధమని అన్నారు. జపాన్ విషయంలో వాళ్ల అనుమానం నిజమైంది, ఒప్పుకోవాలి. అయితే తీర్పు మారింది దీవుల్లో ఏం జరుగుతోందో చూసి కాదు, మాస్కోకు ఏమైందో చూసి. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేసినప్పుడూ ఇదే వరస. మన వామపక్షాలు దురదృష్టకరమన్నాయి, వెంటనే నాటో విస్తరణ వైపు వేలు చూపాయి. నాటో విస్తరణ గురించి వాళ్లు చెప్పిందాంట్లో నిజం ఉంది. కానీ ఇరాక్ వేళ విశాఖ వీధుల్లో వినిపించిన గొంతు కీవ్ కోసం వినిపించలేదు. ఏ జెండా కింద కాల్చారన్నది హంఫ్రీగంజ్ మృతులకు తేడా చేయలేదు.

మరొక ఆక్షేపణ భద్రతది. ఇవాళ చైనా నౌకలు హిందూ మహాసముద్రంలో తిరుగుతున్నాయి, మలక్కా ముఖద్వారాన ఉన్న దీవులను ఖాళీగా వదిలేయమంటారా అని అడుగుతారు. వదిలేయమని నేననను. త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ 2001లో అక్కడ ఏర్పడటం, 2012లో క్యాంప్‌బెల్ బేలో ఐఎన్‌ఎస్ బాజ్ ప్రారంభం కావడం అర్థం చేసుకోదగినవే. సొంత నేలను కాపలా కాసుకోవడం వేరు, పరాయి వ్యూహంలో ఒక గడి కావడం వేరు. 2020 సెప్టెంబరులో అమెరికా నేవీ పీ-8 నిఘా విమానం ఇంధనం కోసం పోర్ట్‌బ్లెయిర్‌లో దిగింది. 2016లో కుదిరిన లాజిస్టిక్స్ ఒప్పందం దానికి దారి. 2007లో ఇలాంటిదే జరుగుతుందని వామపక్షాలు చెప్పినప్పుడు నవ్వారు. 13 ఏళ్లకు జరిగితే దాదాపు ఎవరూ గమనించలేదు.

భద్రత అన్న మాట వింటే మనవాళ్లు కూడా ప్రశ్నలు మానేస్తారు. ఆ మౌనం ఖరీదు గ్రేట్ నికోబార్‌లో కనిపిస్తోంది. 72 వేల కోట్ల అంచనాతో మొదలైన ప్రాజెక్టు అది. గలాథియా బేలో కంటైనర్ల ట్రాన్స్‌షిప్‌మెంట్ పోర్టు, సైన్యమూ ప్రయాణికులూ వాడుకునే విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్. దాదాపు 8 వేలమంది ఉన్న దీవికి లక్షలమంది వస్తారని అంచనా. 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి దీనికి పోతుంది. తోలు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం గలాథియా బేనే. ఆ అడవిలో వేటాడి బతికే షోంపెన్‌లు 2011 లెక్కల్లో 229 మంది. బయటి వాళ్ల దగ్గు, జలుబు వాళ్లను ఏం చేయగలవో చెప్పడానికి గ్రేట్ అండమానీయుల లెక్క పక్కనే ఉంది. 2024 ఫిబ్రవరిలో 39 మంది జాతిహనన అధ్యయనకారులు రాష్ట్రపతికి లేఖ రాసి ఈ ముప్పునే చెప్పారు. 2004 సునామీలో ఊళ్లు కోల్పోయి రాజీవ్‌నగర్, న్యూ చింగెన్ కాలనీల్లో ఉంటున్న నికోబారీలు తమ పాత తీరానికి వెళ్లనివ్వమని అడుగుతూనే ఉన్నారు. ఆ తీరాల్లో కొన్ని ఇప్పుడు ప్రాజెక్టు పటంలో ఉన్నాయి. దేశ రక్షణ కోసమని మనం చెప్పే కారణం నిజమే కావచ్చు. 1858లో రేవు కోసం చెప్పిన కారణంలోనూ కొంత నిజం ఉంది. అడగవలసిన ప్రశ్న నిజమా అబద్ధమా అన్నది కాదు, అక్కడివాళ్లు పిలిచారా అన్నది. లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి 2022 ఆగస్టులో ప్రాజెక్టుకు నిరభ్యంతర పత్రం ఇచ్చింది. తమ పూర్వీకుల భూములు అందులో పోతున్నాయని తమకు సరిగా చెప్పలేదంటూ అదే ఏడు నవంబరులో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది. పర్యావరణ అనుమతి కూడా ఆ నవంబరులోనే వచ్చింది.